పత్రిక చివరి వందనాలను ఎలా అధ్యయనం చేయాలి: కొలొస్సయులకు 4:7–18

"పత్రిక అంతా బాగానే చదువుతున్నాం, చివరికి వచ్చేసరికి అన్నీ పేర్లే. వాటితో ఏం చేయాలి?" సండే స్కూల్ టీచర్లు, యూత్ లీడర్లు, ఇంట్లో ఒంటరిగా చదువుకునేవాళ్లు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కొలొస్సయి సంఘానికి పౌలు చెరలో ఉండి రాసిన ఈ పత్రిక విషయంలోనూ చాలా బైబిల్ స్టడీలు 4:6 దగ్గరే ఆగిపోతాయి. మిగిలిన 12 వచనాలను ఎవరో ఒకరు గబగబా చదివేస్తారు, ప్రార్థనతో ముగించేస్తారు.

అలా వదిలేయవద్దు. అంతవరకు చెప్పిన బోధ ఏ మనుషుల చేతుల మీదుగా, ఏ ఊళ్లకు, ఎలాంటి పరిస్థితిలో వెళ్లిందో ఈ 12 వచనాల్లోనే తెలుస్తుంది. అయితే వచనంలో లేని కథలు ఎక్కువగా పుట్టేది కూడా ఇక్కడే. పేరు దొరుకుతుంది, వివరం దొరకదు, ఆ ఖాళీని మన ఊహతో నింపేస్తాం. అందుకని ఈ పద్ధతి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: వచనం చెప్పింది ఒక రంగులో, మనం ఊహించింది ఇంకో రంగులో.

కావలసినవి

- మీ ఇంట్లో ఉన్న బైబిల్ సొసైటీ వారి తెలుగు బైబిలు, దానితోపాటు వాడుక భాషలో వచ్చిన మరో అనువాదం. రెండోది ఫోన్ యాప్‌లో ఉన్నా చాలు.
- ఒక నోట్‌బుక్. నీలం పెన్ను, ఎర్ర పెన్ను. నీలం వచనానికి, ఎరుపు ఊహకు.
- బైబిలు చివర ఉండే పౌలు ప్రయాణాల మ్యాప్. అది చిన్నగా ఉంటే ఫోన్‌లో టర్కీ మ్యాప్ తెరవండి.
- పదాలు వెతకడానికి యాప్‌లో సెర్చ్, లేదా పద సూచిక.
- ఒంటరిగా అయితే రెండు గంటలు. గ్రూపుగా అయితే రెండు వారాల స్టడీ.

వ్యాఖ్యాన గ్రంథం మీ దగ్గర ఉంటే మంచిదే, కానీ 5వ మెట్టు దాటేదాకా తెరవకండి. ముందే తెరిస్తే ఆ వ్యాఖ్యాత కళ్లతో చూస్తారు తప్ప మీ కళ్లతో చూడరు.

1. మొత్తం పత్రిక ఒకేసారి బయటికి చదవండి

నాలుగు అధ్యాయాలు కలిపి 95 వచనాలే. నెమ్మదిగా చదివినా అరగంట పట్టదు. సంఘంలో అందరూ వినేలా బయటికి చదవడానికే ఇది రాశారని 4:16లోనే ఉంది. కాబట్టి మీరూ గొంతు ఎత్తి చదవండి.

చదివేటప్పుడు అధ్యాయాల అంకెలను పట్టించుకోకండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం నాటిది, వచనాల అంకెలు 1551లో అచ్చయిన గ్రీకు ప్రతిలో వచ్చాయి. అవి పౌలు పెట్టినవి కావు. ఉదాహరణకు 4:1లో యజమానులకు చెప్పిన మాట నిజానికి 3వ అధ్యాయం చివర దాసులకు చెప్పిన మాటకు కొనసాగింపు. ఇది గుర్తుంచుకోండి, 6వ మెట్టులో చాలా అవసరమవుతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని పాత ముద్రణల్లో పత్రిక అయిపోయాక కింద "రోమా నుండి తుకికు, ఒనేసిముల ద్వారా పంపబడినది" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. అది తర్వాతి కాలంలో ప్రతులు రాసినవాళ్లు చేర్చినది. దాన్ని నీలం పెన్నుతో రాయకండి.

2. పేర్లను వాళ్ల పని ప్రకారం విడదీయండి

పేర్లను వచ్చిన వరసలో రాస్తే ఏమీ కనబడదు. నోట్‌బుక్‌లో నాలుగు భాగాలు గీయండి.

ప్రయాణం చేస్తున్నవాళ్లు: తుకికు, ఒనేసిము.
పౌలు దగ్గర ఉండి వందనాలు పంపుతున్నవాళ్లు: అరిస్తార్కు, మార్కు, యూస్తు అనే యేసు, ఎపఫ్రా, లూకా, దేమా.
అవతలి వైపు ఉన్నవాళ్లు: లవొదికయ సహోదరులు, నుంఫా, ఆ ఇంట్లో కూడే సంఘం, అర్ఖిప్పు.
ఇక చివర స్వయంగా పెన్ను పట్టిన పౌలు.

బర్నబా పేరు కూడా వస్తుంది, కానీ ఆయన ఆ గదిలో ఉన్నాడని ఎక్కడా లేదు. మార్కు ఎవరి బంధువో చెప్పడానికి మాత్రమే ఆ పేరు వచ్చింది. ఆయన్ను పక్కన వేరుగా రాయండి.

ఇప్పుడు ప్రతి పేరు పక్కన పౌలు వాళ్ల గురించి వాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా నీలం పెన్నుతో రాయండి. కొందరికి రెండు వాక్యాలు ఉంటాయి, ఎపఫ్రాకు ఇంకా ఎక్కువ. దేమాకు ఒక్క మాట కూడా ఉండదు, పేరు మాత్రమే. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచండి.

10–11 వచనాల్లో ఒక విభజన ఉంది, తప్పిపోకండి. అరిస్తార్కు, మార్కు, యూస్తు గురించి చెప్పి, సున్నతి పొందినవారిలో తన జతపనివారు వీరు మాత్రమే అంటాడు. అంటే ఆ తర్వాత వచ్చే ఎపఫ్రా, లూకా, దేమా యూదులు కారని చాలామంది పండితులు అర్థం చేసుకుంటారు. లూకా అన్యజనుడనే అభిప్రాయానికి ముఖ్యమైన ఆధారం ఇదే. వచనం నేరుగా ఆ మాట అనలేదు కాబట్టి ఎర్ర పెన్నుతో రాయండి. బలమైన ఊహే, కానీ ఊహే.

3. మ్యాప్ మీద మూడు ఊళ్లు పెట్టండి

కొలొస్సయి, లవొదికయ, హియెరాపొలి. మూడూ నేటి టర్కీ నైరుతి భాగంలో, లైకస్ నది లోయలో ఉండేవి. ఫోన్ మ్యాప్‌లో డెనిజ్లి అని వెతకండి. దానికి ఉత్తరాన తెల్లని సున్నపు మెట్లకు పేరుపొందిన పముక్కలె ఉంటుంది, హియెరాపొలి శిథిలాలు అక్కడే. లవొదికయ శిథిలాలు దానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడి నుంచి తూర్పు వైపు మరో 15 కిలోమీటర్లకు పైగా వెళితే హొనాజ్ ఊరి దగ్గర కొలొస్సయి దిబ్బ.

దూరాలు చూశారా? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక్కరోజులో నడిచి వెళ్లొచ్చు. ఎపఫ్రా మూడు ఊళ్ల కోసం ప్రయాసపడుతున్నాడన్న 13వ వచనం, పత్రికలు మార్చుకుని చదవమన్న 16వ వచనం ఇప్పుడు మామూలు పనులుగా, నిజంగా జరిగే పనులుగా కనబడతాయి.

క్రీ.శ. 60 ప్రాంతంలో లవొదికయను భూకంపం కూల్చిందని, ఆ పట్టణం రోమా సహాయం లేకుండా సొంత డబ్బుతో తిరిగి కట్టుకుందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇది చాలా ప్రసంగాల్లో వినబడుతుంది. కానీ పత్రికలో భూకంపం ప్రస్తావనే లేదు. కాబట్టి పక్క నోట్‌గా పెట్టుకోండి, వచనం అర్థంలోకి లాగకండి.

4. ఒక్కొక్కరిని మిగతా పుస్తకాల్లో వెతకండి

ఇది ఎక్కువ సమయం తీసుకునే మెట్టు. అందరికీ ఒకేలా దొరకదు, కొందరి దగ్గర రెండు నిమిషాల్లో అయిపోతుంది.

తుకికు: అపొస్తలుల కార్యములు 20:4, ఎఫెసీయులకు 6:21–22, 2 తిమోతికి 4:12, తీతుకు 3:12. ఎఫెసీ పత్రికలోని రెండు వచనాలను కొలొస్సయులకు 4:7–8 పక్కన పెట్టి చదవండి. దాదాపు అవే వాక్యాలు.

అరిస్తార్కు: కార్యములు 19:29లో ఎఫెసు అల్లరిలో జనం పట్టుకుపోయినవాడు. 20:4లో థెస్సలొనీకయుడని ఉంది. 27:2లో పౌలుతోపాటు ఓడ ఎక్కాడు.

మార్కు దగ్గర కొంచెం ఆగండి. వచనాలను ఈ వరసలో చదవండి: కార్యములు 12:12, 12:25, 13:5, 13:13, 15:37–39, ఆ తర్వాత కొలొస్సయులకు 4:10, ఫిలేమోనుకు 24, చివరగా 2 తిమోతికి 4:11. పంఫూలియలో వదిలి వెళ్లిపోయిన మార్కు, అతని కారణంగా పౌలు, బర్నబా వేరుపడిన తగాదా, ఇప్పుడు "వస్తే చేర్చుకోండి" అంటున్న అదే పౌలు. మధ్యలో ఏం జరిగింది, ఎవరు ముందు క్షమాపణ చెప్పారు, ఎన్నేళ్లు మాట్లాడుకోలేదు, ఇవేవీ ఎక్కడా లేవు. ఉన్నదే చాలా బలంగా ఉంది, దానికి సంభాషణలు కల్పించాల్సిన అవసరం లేదు.

ఎపఫ్రా: 1:7 చూడండి. కొలొస్సయివాళ్లు సువార్త నేర్చుకున్నది ఇతని దగ్గరే. 2:1 కూడా కలిపి చదవండి. అక్కడ పౌలు తన ముఖం చూడనివాళ్ల గురించి మాట్లాడతాడు. ఆ ఊరి సంఘానికీ పౌలుకూ మధ్య ఎపఫ్రా ఎంత ముఖ్యమైనవాడో అప్పుడు అర్థమవుతుంది.

యూస్తు అనే యేసు: ఇంకెక్కడా లేడు. కార్యములు 1:23లోని యూస్తు, 18:7లోని యూస్తు వేరే మనుషులు. వెతకడం ఆపి ముందుకు వెళ్లండి.

5. ఫిలేమోను పత్రికను పక్కన పెట్టండి

ఫిలేమోను అనే విశ్వాసికి పౌలు రాసిన 25 వచనాల చిన్న పత్రిక. ఇది లేకుండా కొలొస్సయి ముగింపు సగమే అర్థమవుతుంది. రెండు నిలువు వరసలు గీసి పేర్లు పోల్చండి.

ఎపఫ్రా, మార్కు, అరిస్తార్కు, దేమా, లూకా, ఈ ఐదుగురూ రెండు చోట్లా వందనాలు పంపుతున్నారు. యూస్తు ఫిలేమోను పత్రికలో లేడు. అర్ఖిప్పు రెండింటిలోనూ ఉన్నాడు. ఒనేసిమూ రెండింటిలో ఉన్నాడు, కానీ చూడండి: కొలొస్సయి పత్రికలో అతను నమ్మకమైన ప్రియ సహోదరుడు, "మీలో ఒకడు". దాసుడన్న సంగతి అక్కడ ఒక్క మాట లేదు. అది ఫిలేమోను పత్రిక చదివితేనే తెలుస్తుంది.

ఇంకో తేడా కూడా పట్టుకోండి. కొలొస్సయులకు 4:10లో తోటి ఖైదీ అరిస్తార్కు. ఫిలేమోనుకు 23లో తోటి ఖైదీ ఎపఫ్రా. ఎందుకు మారింది? వంతులవారీగా పౌలుతో ఉన్నారని కొందరంటారు. రెండు చోట్లా అలంకారంగా వాడాడని కొందరంటారు. రెండూ ఎర్ర పెన్నుకే. మీ గ్రూపులో ఎవరైనా ఈ తేడాను తమంతట తాము కనిపెడితే వాళ్లు నిజంగా చదువుతున్నట్టే.

ఇప్పుడు వ్యాఖ్యాన గ్రంథం తెరవచ్చు. అందులో రెండు చర్చలు ఎదురవుతాయి. పౌలు ఏ చెరలో ఉండి రాశాడు: రోమానా, కైసరయనా, ఎఫెసా? ఈ పత్రిక పౌలే రాశాడా, ఆయన శిష్యుడెవరైనా ఆయన పేరుతో రాశాడా? రెండో ప్రశ్నలో ఈ ముగింపు వచనాలనే రెండు పక్షాలూ ఆధారంగా తెస్తాయి. చర్చ ఉందని తెలుసుకోండి. అయితే మొదటిసారి చదువుతున్న గ్రూపులో స్టడీ అంతా దాని మీదే ఖర్చుపెట్టకండి.

6. ముగింపును పత్రిక బోధతో కలపండి

ఈ మెట్టు కోసమే మిగతావన్నీ. నింపాదిగా చేయండి.

3:22 నుంచి 4:1 వరకు మళ్లీ చదవండి. దాసులకు, యజమానులకు చెప్పిన మాటలు. ఇప్పుడు 4:9 చదవండి. ఒనేసిము తుకికుతో కలిసి వస్తున్నాడు. ఆ రోజుల్లో ప్రభుత్వ తపాలా మామూలు జనం ఉత్తరాలకు ఉండేది కాదు, ఉత్తరం తెచ్చినవాడే దగ్గర ఉండి మిగతా సంగతులు చెప్పేవాడు. తుకికు, ఒనేసిము ఇద్దరూ తన దగ్గరి సంగతులన్నీ చెబుతారని పౌలే రాశాడు. అంటే దాసుల గురించి, యజమానుల గురించి ఆ మాటలు సంఘంలో వినబడుతున్నప్పుడు ఒక దాసుడు, పత్రిక తెచ్చిన ఇద్దరిలో ఒకడిగా, సహోదరుడన్న పేరుతో వాళ్ల మధ్యే ఉండి ఉంటాడు. ("ఉండి ఉంటాడు" అన్నది ఎరుపు. అతను వస్తున్నాడన్నది నీలం.) 3:11లో దాసుడని స్వతంత్రుడని లేదన్న మాట ఆ గదిలో ఎలా వినబడి ఉంటుందో మీ గ్రూపును అడగండి, జవాబు మీరు చెప్పేయకండి.

అదే 3:11లో సున్నతి పొందినవాడు, పొందనివాడు అన్న భేదం లేదని ఉంది. 2వ మెట్టులో మీరు గీసిన విభజన చూడండి. పౌలు దగ్గర రెండు రకాలవాళ్లూ ఉన్నారు, ఒకే పత్రికలో కలిసి వందనాలు పంపుతున్నారు. (రెండో రకంవాళ్లు ఉన్నారన్నది ఎరుపు.)

తర్వాత 1:28–29, 2:1, 4:12 వరసగా చదవండి. ప్రతివాడూ సంపూర్ణుడుగా నిలవాలని పౌలు పోరాడుతున్నానంటాడు. చివర ఎపఫ్రా కూడా అదే కోసం ప్రార్థనలో పోరాడుతున్నాడంటాడు. తన పనికి వాడిన మాటలనే తన కన్నా తక్కువ పేరున్న మనిషికి వాడాడు. ఎపఫ్రా మీద పాఠం చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

చివరగా 4:3, 4:18. మొదటి చోట బంధకాల గురించి చెప్పి, తలుపు తెరుచుకోవాలని ప్రార్థించమంటాడు. రెండో చోట బంధకాలను గుర్తుంచుకోమంటాడు, అంతే.

7. చివరి నాలుగు వచనాలు

15: నుంఫా స్త్రీయా పురుషుడా అని తరచూ అడుగుతారు. పాత చేతిరాత ప్రతుల్లో "ఆమె ఇల్లు", "అతని ఇల్లు", "వారి ఇల్లు" అని మూడు రకాలుగా ఉంది. అందుకే అనువాదాల్లో తేడా. "ఆమె ఇల్లు" అన్నదే మొదటి పాఠమని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

16: లవొదికయ పత్రిక మనకు దొరకలేదు. ఎఫెసీ పత్రికే అదని కొందరు అనుకుంటారు. 2వ శతాబ్దంలో, సంఘం తప్పు బోధకుడిగా తిరస్కరించిన మార్కియోను ఎఫెసీ పత్రికను ఆ పేరుతోనే పిలిచాడని తొలి సంఘ రచయిత టెర్టుల్లియన్ రాశాడు. జాగ్రత్త: "పోయిన లవొదికయ పత్రిక దొరికింది" అని వాట్సాప్‌లో ఏదైనా వస్తే నమ్మి ఫార్వర్డ్ చేయకండి. లాటిన్‌లో ఆ పేరుతో ఒక చిన్న పత్రిక ఎప్పటి నుంచో ఉంది. అది ఫిలిప్పీ పత్రికలోనివి ఎక్కువగా, పౌలు మాటలు ఏరి అతికించి తర్వాతి కాలంలో తయారుచేసినది.

17: అర్ఖిప్పుకు అప్పగించిన పని ఏమిటో చెప్పలేదు.

18: ఇక్కడ రాత మారుతుంది. అప్పటిదాకా వేరొకరు రాస్తే, చివరి వాక్యం పౌలు తన చేత్తో రాశాడు. ఈజిప్టులో దొరికిన ఆ కాలపు పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) ఉత్తరాల్లో కూడా చివరి వాక్యం వేరే చేతిరాతలో ఉండటం కనిపిస్తుంది. 1 కొరింథీయులకు 16:21, గలతీయులకు 6:11, 2 థెస్సలొనీకయులకు 3:17, ఫిలేమోనుకు 19 తీసి పోల్చండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దేమాను ముందే దోషిగా నిలబెట్టడం. 2 తిమోతికి 4:10లో అతను లోకాన్ని స్నేహించి వెళ్లిపోయాడని ఉంది. దాన్ని తెచ్చి కొలొస్సయులకు 4:14 మీద పెట్టి, "పౌలుకు అప్పుడే అనుమానం వచ్చింది, అందుకే పొగడలేదు" అంటారు. ఫిలేమోనుకు 24లో అదే దేమాను లూకాతో కలిపి జతపనివాడన్నాడు. ఈ వచనంలో అతను వందనాలు పంపుతున్నవాడు మాత్రమే.

అర్ఖిప్పును సోమరిని చేయడం. జాగ్రత్తపడమన్నంత మాత్రాన నిర్లక్ష్యం చేశాడని కాదు. కొత్తగా బాధ్యత తీసుకున్నవాడికి కూడా అదే మాట చెబుతాం.

ఎపఫ్రాను, ఫిలిప్పీ పత్రికలోని ఎపఫ్రొదితును కలిపేయడం. ఒకరు కొలొస్సయివాడు, ఇంకొకరు ఫిలిప్పీ సంఘం పంపినవాడు. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే.

ప్రతి పేరుకూ ఒక నీతి తీయడం. పన్నెండు పేర్లకు పన్నెండు పాయింట్ల ప్రసంగం చేస్తే వినేవాళ్లకు ఒక్కటీ మిగలదు. ఇద్దరిని తీసుకోండి, వాళ్లతో గంట గడపండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

పౌలు, బర్నబాలతో కలిపి మీ జాబితాలో 12 పేర్లు ఉండాలి. తగ్గితే ఎక్కువగా తప్పిపోయేది యూస్తు, నుంఫా. పెరిగితే ఫిలేమోనును చేర్చారేమో చూడండి, కొలొస్సయి పత్రికలో ఆయన పేరు లేదు.

నీలం పెన్నుతో రాసిన ప్రతి లైను పక్కన వచనం అంకె ఉందా? లేని లైనును చెరిపేయండి, లేదా ఎరుపులోకి మార్చండి.

నోట్‌బుక్‌ను స్టడీకి రాని ఒకరికి ఇవ్వండి. నీలం లైన్లలో ఏవైనా ఐదు ఎంచుకుని బైబిల్లో వెతకమనండి. ఐదూ దొరికితే మీ నోట్స్ నమ్మదగినవి.

చివరి పరీక్షగా, బైబిలు మూసి ఈ మూడింటికి జవాబు చెప్పండి: పత్రిక ఎవరు తెస్తున్నారు, పౌలు దగ్గర ఎవరెవరు ఉన్నారు, చదివాక సంఘం చేయాల్సిన పనులేమిటి? మూడో దానికి తడబడితే 15–17 వచనాలు మళ్లీ చదవండి.

గ్రూపులో, పిల్లలతో చేయాలంటే

గ్రూపులో ఒక్కొక్కరికి ఒక పేరు ఇచ్చి వారం ముందే వచనాలు వెతుక్కురమ్మనండి. యూస్తు పేరు వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా వాళ్లకు మ్యాప్ పని కూడా ఇవ్వండి. పిల్లలకైతే 4, 5 మెట్లు వదిలేయండి. 4:7–18ను కాగితం మీద రాసి, మడిచి, ఇద్దరు పిల్లలతో గది అవతలి నుంచి తెప్పించి చదివించండి. చివరి వచనం మాత్రం వేరే పిల్లవాడి చేతిరాతలో ఉండాలి. చదువు రాని పెద్దవాళ్లు ఉన్న కూటమిలో నోట్‌బుక్ అక్కర్లేదు. ముందు పత్రికంతా వినిపించి, తర్వాత ఫిలేమోను పత్రిక వినిపించి, ఏ పేర్లు మళ్లీ విన్నారో అడగండి. జ్ఞాపకంలో చాలామంది కన్నా వాళ్లే ముందుంటారు.

దీని తర్వాత ఏది

2 తిమోతికి 4:9–22 తీసుకోండి. తుకికు, మార్కు, లూకా, దేమా అక్కడ మళ్లీ కనిపిస్తారు కాబట్టి మీ పాత పట్టిక పనికొస్తుంది. రోమీయులకు 16ను దాని తర్వాతకు ఉంచండి. అక్కడ పౌలు పాతికమందిని పేరుపేరునా పలకరిస్తాడు, వాళ్లలో చాలామంది బైబిల్లో ఇంకెక్కడా రారు. కాబట్టి 4వ మెట్టు మీద సమయం పెట్టకుండా 2వ మెట్టులో పేర్లను ఇంటింటి వారీగా విడదీయండి: 5, 10, 11, 14, 15 వచనాలతో మొదలుపెట్టండి. పత్రికను చేత్తో రాసిన తెర్తియు 22వ వచనంలో తన సొంత వందనం కూడా చేర్చాడు. అతన్ని పౌలు దగ్గర ఉన్నవాళ్ల వరసలో రాయడం మరచిపోకండి.